సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా: సీబీబీస్ చానెల్ చరిత్రలో ఒక గంట

1950ల తొలి సగంలో బ్రిటన్‌లో సాయంత్రం ఆరు కొట్టగానే టీవీ తెర ఖాళీ అయిపోయేది. ఏడింటికి గానీ మళ్లీ బొమ్మ వచ్చేది కాదు. ఇది సాంకేతిక ఇబ్బంది వల్ల కాదు, ప్రభుత్వం పెట్టిన నియమం వల్ల. ఆ గంటలో తల్లులు చంటిపిల్లల్ని తెర ముందు నుంచి లేపి, స్నానం చేయించి, పడుకోబెట్టాలి. పెద్దపిల్లలు హోంవర్కుకు కూర్చోవాలి. అక్కడి జనం దానికి ‘టాడ్లర్స్ ట్రూస్’ అని పేరు పెట్టుకున్నారు. పసివాళ్ల కోసం టీవీ పాటించే విరామం అన్నమాట.

1955 సెప్టెంబరులో ఐటీవీ వచ్చింది. అది ప్రకటనల డబ్బుతో నడిచే సంస్థ కాబట్టి రోజూ ఒక గంట తెర ఖాళీగా ఉంటే ఆ మేరకు ఆదాయం పోయినట్టే. ఒత్తిడి పెరిగింది. ప్రసారాల బాధ్యత కూడా చూసే మంత్రి, అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ హిల్ ఆ నియమాన్ని ఎత్తేశారు. 1957 ఫిబ్రవరి 16, శనివారం సాయంత్రం, అంతకుముందు ఖాళీగా ఉన్న ఆ వేళలో బీబీసీ కుర్రకారు కోసం పాప్ సంగీత కార్యక్రమం వేసింది.

అక్కడికి దాదాపు 45 ఏళ్లకు, 2002 ఫిబ్రవరి 11న, ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల కోసం బీబీసీ సీబీబీస్ అనే చానెల్ పెట్టింది. ఉదయం ఆరుకు మొదలై సాయంత్రం ఏడుకు ఆగిపోయే చానెల్. చివరి గంట, ఆరు నుంచి ఏడు దాకా, మొత్తం నిద్రపుచ్చడానికే. ఒకప్పుడు తెర ఆర్పి చేసిన పనిని ఇప్పుడు తెర చేతనే చేయించారు. సీబీబీస్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా టెలీటబ్బీస్, మిస్టర్ టంబుల్ అంటూ షోల పేర్లు, పాత్రల పేర్లు వల్లిస్తారు. ఆ షోలు గొప్పవే. అయితే చానెల్ అన్నది షోల మూట కాదు. పసిపిల్ల రోజుకు ఒక ఆకారం ఇచ్చి, దానికి ఒక ముగింపు కూడా ఇవ్వడమే సీబీబీస్ చేసిన అసలు పని.

ఆ పని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే రేడియో దాకా వెనక్కి వెళ్లాలి. 1950 జనవరిలో బీబీసీ రేడియోలో తల్లీబిడ్డలు కలిసి వినడానికి ‘లిజన్ విత్ మదర్’ మొదలైంది. మధ్యాహ్న భోజనం అయ్యాక పావుగంట. హాయిగా కూర్చున్నావా అని ముందు అడిగి, ఆ తర్వాతే కథ ఎత్తుకునేవారు. తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. మద్రాసు ఆకాశవాణి నుంచి, తర్వాత హైదరాబాదు నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా పిల్లలతో మాట్లాడిన తీరు ఇదే. ప్రసారకర్త అధికారిలా కాకుండా ఇంట్లో మనిషిలా, వరస కలిపి మాట్లాడడం.

అదే 1950 జులైలో ‘ఆండీ పాండీ’ అనే, దారాలతో ఆడించే బొమ్మ టీవీలోకి వచ్చింది. దాన్ని రూపొందించిన ఫ్రీడా లింగ్‌స్ట్రామ్ ఆ తర్వాత బీబీసీ పిల్లల టీవీ విభాగానికి అధిపతి అయ్యారు. 1953 నుంచి ఇలాంటి కార్యక్రమాలన్నీ ‘వాచ్ విత్ మదర్’ అనే పేరు కిందకు వచ్చాయి. క్రమంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున కుదురుకున్నాయి. నలుపు తెలుపు ఆండీ పాండీ మొత్తం 26 ఎపిసోడ్లే. వాటినే 1960ల చివరి దాకా తిప్పి తిప్పి వేశారు. 1970లో రంగుల్లో మరో 13 తీశారు. పసిపిల్లల టీవీకి పునాది లాంటి లెక్క ఇక్కడే బయటపడింది. ప్రేక్షకులు నాలుగైదేళ్లకు ఒకసారి పూర్తిగా మారిపోతారు. పాత పిల్లలు బడికి వెళ్లిపోతారు, కొత్త పిల్లలు పుడతారు. కాబట్టి 1952లో వేసిన ఎపిసోడే 1962 నాటి మూడేళ్ల పిల్లకు కొత్తది.

తర్వాతి మెట్టు ‘ప్లే స్కూల్’. 1964 ఏప్రిల్ 20న బీబీసీ రెండో చానెల్ ఆర్భాటంగా మొదలు కావాల్సింది. బాటర్‌సీ విద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి లండన్‌లో కరెంటు పోవడంతో ఆ రాత్రి కార్యక్రమాలు రద్దయ్యాయి. మర్నాడు ఉదయం 11 గంటలకు వచ్చిన ప్లే స్కూలే ఆ చానెల్‌లో అనుకున్నట్టుగా ప్రసారమైన తొలి కార్యక్రమం అయింది. జాయ్ విట్బీ రూపొందించిన ఈ కార్యక్రమంలో స్టూడియో ఒక ఇల్లు. అందులో గుండ్రటి కిటికీ, చదరపు కిటికీ, కమాను కిటికీ ఉండేవి. ఈ రోజు ఏ కిటికీలోంచి చూద్దాం అని యాంకర్ అడిగి కాసేపు ఆగేవారు. ఇంట్లో పిల్ల ఏదో ఒకటి అనేది. ఆ తర్వాత కెమెరా ఒక కిటికీ దగ్గరకు వెళ్లేది, అవతల బిస్కట్ ఫ్యాక్టరీయో, రైలుబండో కనిపించేది. ఆ కాసేపు ఆగడంలోనే ఉంది నేర్పంతా. జవాబు చెప్పే సమయం ఇస్తే పిల్ల ప్రేక్షకురాలిగా మిగిలిపోదు, ఆటలోకి వస్తుంది. ప్లే స్కూల్ 1988 దాకా నడిచింది. ఆస్ట్రేలియాలో 1966లో మొదలైన దాని రూపం ఇప్పటికీ నడుస్తోంది.

1997 మార్చి 31న, పొట్ట మీద తెర ఉండే పాత్రల షో టెలీటబ్బీస్ వచ్చినప్పుడు పెద్దవాళ్లు గొడవ చేశారు. ఆ పాత్రలు ముద్దుమాటలు మాట్లాడతాయి, పిల్లలకు భాష పాడవుతుంది అన్నారు. నిజానికి అందులో ఒక లెక్క ఉంది. యాన్ వుడ్‌తో కలిసి దాన్ని సృష్టించిన ఆండ్రూ డావెన్‌పోర్ట్ వాక్కుకు సంబంధించిన శాస్త్రం చదువుకున్న మనిషి. పాత్ర పొట్టమీది తెరపై ఒక చిన్న ఫిల్మ్ వస్తుంది. అయిపోగానే పాత్రలు మళ్లీ కావాలంటాయి. అదే ఫిల్మ్ మొదటి నుంచి మళ్లీ వస్తుంది. పెద్దవాళ్లకు విసుగు పుట్టించే ఈ చోటే ఏడాదిన్నర పిల్లకు అన్నిటికన్నా ఇష్టమైనది. మొదటిసారి చూసేది, రెండోసారి ముందే ఊహించేది. ఊహించింది జరిగితే కేరింతలు కొట్టేది. అమ్మమ్మ చేత ఒకే కథ రోజూ చెప్పించుకునే పిల్లకు ఏం కావాలో, దీనికీ అదే కావాలి. వార్విక్‌షైర్ పొలాల మధ్య తీసిన ఆ షో 365 ఎపిసోడ్లకు చేరింది.

ఇంతవరకూ ఇవన్నీ పెద్దవాళ్ల చానెళ్ల మధ్య పిల్లలకు ఇచ్చిన చిన్న చిన్న కిటికీలే. క్రికెట్ మ్యాచ్ పొడిగిస్తేనో, పార్లమెంటులో ఏదైనా జరిగితేనో ముందు ఎగిరిపోయేది పిల్లల కార్యక్రమమే. మరోవైపు శాటిలైట్, కేబుల్ ఉన్న ఇళ్లలో నిక్ జూనియర్, ప్లేహౌస్ డిస్నీ అప్పటికే రోజంతా నడుస్తున్నాయి. డిజిటల్ ప్రసారం వల్ల చోటు పెరిగింది. 2001 సెప్టెంబరులో అప్పటి మంత్రి టెస్సా జోవెల్ బీబీసీ అడిగిన కొత్త చానెళ్లలో పిల్లలవి రెండింటికీ, బీబీసీ ఫోర్‌కూ అనుమతి ఇచ్చారు. బీబీసీ త్రీని మాత్రం అప్పటికి ఆపారు. ఆరు దాటిన పిల్లలకు సీబీబీసీ, చిన్నవాళ్లకు సీబీబీస్, రెండూ ఒకే రోజు మొదలయ్యాయి. టీవీ చూసే ఇళ్లు కట్టే లైసెన్సు రుసుముతో నడిచేవి కాబట్టి ప్రకటనలు లేవు. ప్రకటన అంటే ఏమిటో, కార్యక్రమం అంటే ఏమిటో తేడా తెలియని వయసుకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఏడు గంటలకు ఎందుకు ఆగాలి? దీనికి మొదటి కారణం పిల్లల నిద్ర కాదు, ప్రసారంలో చోటు. యాంటెనాతో వచ్చే డిజిటల్ టీవీలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి వచ్చే చానెళ్ల కట్టను మల్టీప్లెక్స్ అంటారు. అందులో సెకనుకు ఇన్ని బిట్లు మాత్రమే పడతాయి. బీబీసీ దగ్గర చానెళ్లు ఎక్కువ, చోటు తక్కువ. అందుకని ఒకే గదిని ఇద్దరు వంతులవారీగా వాడుకున్నట్టు పగలు సీబీబీస్, రాత్రి బీబీసీ ఫోర్ ఒకే చోటును పంచుకున్నాయి. 2002 మార్చి 2న బీబీసీ ఫోర్ మొదలైంది, అక్టోబరు 30న ఫ్రీవ్యూ వచ్చి ఈ చానెళ్లను నెలవారీ చందా లేని ఇళ్లకు తీసుకెళ్లింది. శాటిలైట్‌లో అంత ఇరుకు లేదు, అయినా అక్కడా ఏడుకే ఆపారు. ఇరుకు వల్ల పుట్టిన గీతను పిల్లల మేలుకు వాడుకోవడంలోనే ఆ చానెల్ నడిపినవాళ్ల తెలివి కనిపిస్తుంది.

పదమూడు గంటల రోజును నింపడం ఎంత పనో లెక్కేసి చూస్తే తెలుస్తుంది. 13 గంటలంటే 780 నిమిషాలు. ఏడాదికి 4,745 గంటలు. పసిపిల్లల యానిమేషన్‌లో మామూలుగా ఒక సిరీస్‌కు ఇచ్చే ఆర్డరు 52 ఎపిసోడ్లు, ఒక్కోటి 11 నిమిషాలు. మొత్తం 572 నిమిషాలు, అంటే తొమ్మిదిన్నర గంటలు. రెండేళ్లు కష్టపడి చేసిన సిరీస్ ఒక్క రోజుకు కూడా సరిపోదు. టెలీటబ్బీస్ 365 ఎపిసోడ్లూ వరసగా వేసినా రెండు వారాలకు మించి రావు. కాబట్టి ఇలాంటి చానెల్ బతికేది రిపీట్ల మీదే. ఇక ప్రశ్న రిపీట్ వేయాలా వద్దా అని కాదు, ఏది ఏ వేళకు వేయాలి అని.

అక్కడే షెడ్యూల్ వేసేవాళ్ల పనితనం తెలుస్తుంది. ఇంగ్లండులో పిల్ల నాలుగు నిండిన తర్వాత వచ్చే సెప్టెంబరులో, బడిలో తొలి తరగతి అయిన రిసెప్షన్ క్లాసుకు వెళ్తుంది. అంటే బడి ఉన్న రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా టీవీ ముందు ఉండేది ఇంకా బడిలో చేరనివాళ్లే. ఆ వేళ నెమ్మదైన, మాటలు తక్కువున్న, ఒకే విషయం చుట్టూ తిరిగే షోలు కావాలి. బడికి ముందు, బడి తర్వాత ఐదారేళ్లవాళ్లు కూడా ఉంటారు కాబట్టి కథ, హాస్యం, కాస్త వేగం పెంచవచ్చు. లేచిన కొత్తలో పాటలు, గెంతడాలు బాగుంటాయి. భోజనం తర్వాత అవే వేస్తే కునుకు పట్టాల్సిన పిల్ల సోఫా ఎక్కి దూకుతుంది. పసిపిల్లల చానెల్ పొరపాటు ఇలా ఇంట్లోనే బయటపడుతుంది. తప్పుడు వేళకు వేసిన మంచి షో వల్ల ఆ పూట అమ్మానాన్నల ఓపిక హరించుకుపోతుంది.

వయసు తేడాతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. రెండేళ్ల పిల్ల, ఐదేళ్ల పిల్లాడు ఒకే గదిలో ఉంటారు. ఐదేళ్లవాడికి సరదాగా అనిపించే చిన్న భయం, అంటే బొమ్మ పోవడం, చీకట్లో శబ్దం లాంటివి రెండేళ్ల పిల్లకు నిజమే. కథ చివర బొమ్మ దొరుకుతుందని ఆ పిల్లకు తెలియదు, అప్పటిదాకా ఆగే ఓపికా లేదు. అందుకే చిన్నవాళ్ల షోల్లో చిక్కు మొదలైన నిమిషంలోపే తోడుగా ఎవరో ఒకరు వస్తారు. 2014లో మొదలైన ‘హే డగ్గీ’ ఎపిసోడ్ ఏడు నిమిషాలే. అందులో పిల్ల జంతువులకు ఏ ఇబ్బంది వచ్చినా డగ్గీ అనే పెద్ద కుక్క అక్కడే ఉంటుంది. చిక్కు ఉంటుంది కానీ ఒంటరితనం ఉండదు.

చానెల్‌ను ఒక ఇల్లుగా మార్చింది మాత్రం యాంకర్లు. క్రిస్ జార్విస్, పూయ్ ఫాన్ లీ, సిడ్ స్లోన్ లాంటివాళ్లు తొలి రోజుల నుంచి షోకూ షోకూ మధ్య కనిపించేవారు. అరనిమిషమో రెండు నిమిషాలో ఉండే ఈ లింకులు బయటివాళ్లకు అతుకుల్లా కనిపిస్తాయి. పిల్లకు అవే తాడు. ఇప్పుడు పొద్దున్న, ఇప్పుడు అన్నం వేళ, ఇప్పుడు సర్దుకునే వేళ అని ఒక మనిషి ముఖం చూసి తెలుసుకుంటుంది. ఇళ్లలో చేసి పంపిన పుట్టినరోజు కార్డులను చూపించి పేర్లు చదివేవారు. క్రేయాన్ గీతలు, అతికించిన దూది, పక్కకు ఒరిగిన అక్షరాలతో ఆ కార్డు అలాగే కెమెరా ముందుకు వచ్చేది, ఎవరూ దాన్ని అందంగా మార్చేవారు కాదు. యాంకర్ మాట ఎప్పుడూ ఒక్క పిల్లతోనే ఉంటుంది. వేలమందిని ఉద్దేశించిన గొంతును మూడేళ్ల పిల్ల తన కోసం అనుకోదు.

ఆ ఇంట్లో ఎవరు ఉండాలన్నది కూడా చానెల్ తేల్చుకోవాల్సి వచ్చింది. 2003లో జస్టిన్ ఫ్లెచర్‌తో ‘సమ్‌థింగ్ స్పెషల్’ మొదలైంది. మాట నేర్చుకోవడం కష్టమైన పిల్లల కోసం 1970లలో బ్రిటన్‌లో రూపొందిన మకటాన్ అనే సైగల పద్ధతిని అందులో వాడారు. అది బధిరుల సైగ భాషలా పూర్తి భాష కాదు. మాట నోటితో పలుకుతూనే అందులో ముఖ్యమైన పదాలకే సైగ చేస్తారు. ‘నీళ్లు తాగుతావా’ అంటే నీళ్లకు ఒకటి, తాగడానికి ఒకటి. చేయి నోటి కన్నా నెమ్మది కాబట్టి సైగ చేసేవాళ్ల మాట కూడా తనంతట తనే నెమ్మదిస్తుంది. ముఖ్యమైన పదం మీద ఒత్తు పడుతుంది. మాట ఇంకా రాని ఏ పిల్లకైనా కావాల్సింది ఇదే కదా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం చేసిన షోను మిగతా పిల్లలూ వదలకుండా చూడడానికి అందులో ఫ్లెచర్ వేసే విదూషకుడి పాత్ర మిస్టర్ టంబుల్ అల్లరి ఒక కారణమైతే ఇది రెండోది.

2009లో సెరీ బర్నెల్ యాంకర్‌గా వచ్చారు. పుట్టుకతోనే ఆమె కుడి చేయి మోచేతి కిందిదాకే ఉంది. పిల్లలు భయపడతారంటూ కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదులు చేశారు. బీబీసీ ఆమె పక్షాన నిలబడింది. ఆమె 2017 దాకా ఆ పనిలో ఉన్నారు. పిల్లలు చేయి ఏమైందని అడుగుతారు, జవాబు వినగానే బొమ్మల వైపు తిరుగుతారు. ఆ జవాబు చెప్పడం ఇష్టం లేనిది పెద్దవాళ్లకే. ఆ రోజు ఫిర్యాదులకు తలొగ్గి ఉంటే ఆ చానెల్ మీద గౌరవం మిగిలేది కాదు.

ఇక ఆ చివరి గంట. ఆరు దాటగానే రంగులు ముదురుతాయి, పాటల లయ తగ్గుతుంది, యాంకర్ గొంతు దిగుతుంది. 2007 మార్చిలో మొదలైన ‘ఇన్ ద నైట్ గార్డెన్’ ఈ గంట కోసమే పుట్టినట్టు ఉంటుంది. టెలీటబ్బీస్ చేసిన సంస్థే, యాన్ వుడ్, డావెన్‌పోర్ట్‌లే చేశారు. వంద ఎపిసోడ్లు. డెరెక్ జాకోబీ గొంతు. మొదట్లో పడుకోబోతున్న పిల్ల కనిపిస్తుంది. పెద్దవాళ్ల వేలు ఆ పిల్ల అరచేతిలో మెల్లగా గుండ్రాలు తిప్పుతుంది. మన ఇళ్లలో అరచేతిలో పప్పు రుబ్బి ‘అత్తారింటికి దారేది’ అంటూ వేళ్లు చంకదాకా నడిపించే ఆట గుర్తొస్తుంది. మనది చక్కిలిగింతలతో కేకల్లోకి వెళ్తుంది, ఇది నిద్రలోకి దిగుతుంది. తర్వాత చీకటి సముద్రంలో చిన్న పడవ మీద ఇగుల్ పిగుల్ అనే బొమ్మ వస్తుంది. తోటలో కథ అంటూ పెద్దగా ఏమీ జరగదు. చివరకు ఒక్కొక్క పాత్రా పడక చేరుతుంది, ఎవరు పడుకున్నారో గొంతు పేరుపేరునా చెబుతుంది. ఇంకా పడుకోనివాడు ఇగుల్ పిగుల్ ఒక్కడే. సరిగ్గా తెర ముందున్న పిల్లలాగే. అప్పుడు అతనూ పడవెక్కి వెళ్లిపోతాడు.

ఆరూ యాభైకి బెడ్‌టైమ్ స్టోరీ. ఒక మనిషి కుర్చీలో కూర్చుని బొమ్మల పుస్తకం తెరిచి చదువుతారు, అంతే. నటులు, గాయకులు, క్రీడాకారులు వచ్చి చదివారు. 2022 ఫిబ్రవరిలో, చానెల్‌కు ఇరవై ఏళ్లు నిండిన వారంలో, అప్పటి డచెస్ ఆఫ్ కేంబ్రిడ్జ్ కేథరిన్ చదివారు. 2018లో రాబ్ డెలానీ కథ మొత్తం మకటాన్‌లో చెప్పారు. అంతకుముందు ఎవరూ ఆ వేదిక మీద అలా చెప్పలేదు. పేరున్నవాళ్లను పిలవడం ప్రచారం కోసమేనని అనుకోవచ్చు గానీ, చదివే పద్ధతి మాత్రం పేరును బట్టి మారదు. కెమెరా కదలదు. పుస్తకంలోని బొమ్మ తెర నిండా వచ్చి కొన్ని సెకన్లు నిలుస్తుంది, మళ్లీ చదివేవాళ్ల ముఖం. కోతలు తక్కువ. కోత పడ్డప్పుడల్లా మూసుకుపోతున్న కన్ను మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి ఈ పది నిమిషాల్లో ఎడిటర్ చేతికి అన్నిటికన్నా తక్కువ పని ఉండాలి. తర్వాత వీడ్కోలు పాట. ఏడు గంటలకు చానెల్ ఆగిపోతుంది. ఇంకొకటి చూస్తానని మారాం చేయడానికి ఇంకొకటి లేదు. టీవీ కట్టేసింది అమ్మ కాదు, టీవీయే పడుకుంది.

ఈ చానెల్ భారతదేశానికి కూడా వచ్చింది. బీబీసీ వాణిజ్య విభాగం 2007లో తెచ్చి 2012లో మూసేసింది. ఆ కాలంలో మన దేశంలో కేబుల్ ఎక్కువగా అనలాగ్‌దే. చానెళ్లకు చోటు తక్కువ, ఆ చోటు కోసం చానెళ్లే కేబుల్ ఆపరేటర్లకు క్యారేజ్ ఫీజు కట్టేవి. ఇంగ్లిష్ అర్థమయ్యే నగరాల ఇళ్లలోని చిన్నపిల్లల కోసం నడిచే చానెల్‌కు అది మోయలేని బరువు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, రోజు ఆకారమే ఇక్కడ అతకదు. అక్కడ ఏడింటికి పిల్ల పక్క మీద ఉంటుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆరింటికి పిల్లలు ఇంకా వీధిలోనే ఉంటారు. బువ్వ తినిపిస్తూ చందమామను చూపించే వేళ అయ్యేసరికి ఎనిమిది. షోను అనువదించవచ్చు, వేళను అనువదించలేం.

డబ్బింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. పాత్ర ప్రశ్న అడిగి జవాబు కోసం రెండు మూడు సెకన్లు ఆగుతుంది. తెలుగు వాక్యం ఇంగ్లిష్ కన్నా పొడుగైతే డబ్బింగ్ గొంతు ఆ ఖాళీలోకి జారుతుంది, పిల్ల జవాబు చెప్పే చోటు పోతుంది. అనువాదం చేసేవాళ్లు మాటలు కోసైనా సరే ఆ ఖాళీని కాపాడాలి. ‘ఎర్ర బంతి ఎక్కడ ఉందో నీకు కనిపిస్తోందా’ అనే బదులు ‘ఎర్ర బంతి ఏదీ?’ అంటే చాలు. తెలుగులో పిల్లల కోసం 2009లో సన్ నెట్‌వర్క్ ఖుషీ టీవీ పెట్టింది. 2021లో రామోజీ గ్రూప్ ఈటీవీ బాలభారత్‌ను తెలుగుతో కలిపి 12 భాషల్లో తెచ్చింది. ఇవి ప్రధానంగా బడి ఈడు పిల్లల కోసం. రెండేళ్ల తెలుగు పిల్ల కోసం తెలుగులోనే ఆలోచించి, తెలుగిళ్ల వేళలకు కుదిర్చిన చానెల్ లేకపోవడం పెద్ద లోటు.

బ్రిటన్‌లో ఈలోగా సీబీబీస్ చుట్టూ ఉన్న నేల మారిపోయింది. పిల్లల కార్యక్రమాల మధ్య కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి ప్రకటనలను ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2007 నుంచి దశలవారీగా నిషేధించింది. పిల్లల ఆరోగ్యానికి అది కావాల్సిందే. కానీ వాణిజ్య చానెళ్లకు ఆ ఆదాయం పోయి, పిల్లల కార్యక్రమాలు కొత్తగా తీయించడం తగ్గించేశాయి. దాంతో చిన్న నిర్మాణ సంస్థలకు కొనేవాళ్లు దాదాపు బీబీసీ ఒక్కటే మిగిలింది. ఆ బీబీసీకి కూడా లైసెన్సు రుసుము 2010 నుంచి 2017 దాకా 145.50 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. 2011లో పిల్లల విభాగం లండన్ నుంచి సాల్ఫోర్డ్‌లోని మీడియా సిటీకి మారింది. అనలాగ్ ప్రసారాలు 2012 అక్టోబరులో పూర్తిగా ఆగాయి. ఆ డిసెంబరులో బీబీసీ వన్ నుంచి, 2013 జనవరిలో బీబీసీ టూ నుంచి పిల్లల వేళలు తప్పుకున్నాయి. ఆండీ పాండీ నాటి నుంచి పెద్దవాళ్ల చానెల్లో పిల్లలకు ఉన్న కిటికీ అలా మూతపడింది.

డబ్బు బిగుతుగా ఉన్న ఆ కాలంలోనే మంచి పనులు కూడా వచ్చాయి. 2017 జనవరిలో మొదలైన ‘నంబర్‌బ్లాక్స్’ ఎపిసోడ్ ఐదు నిమిషాలే. అంకె అంటే అన్ని ఘనాల దొంతర. నాలుగు అనే పాత్ర తనను తాను రెండు మీద రెండుగా సర్దుకుని చతురస్రం అవుతుంది, దానికి ఆ ఆకారమంటే మహా ఇష్టం. తొమ్మిదీ మూడు వరసల్లో అలాగే కుదురుతుంది. ఏడు ఎలా సర్దుకున్నా చతురస్రం కాలేదు, నిలువు గీతగానో వంకరగానో మిగులుతుంది. ఎక్కాలు బట్టీ పట్టకముందే, అంకెకు లోపల ఒక ఆకారం ఉందని నాలుగేళ్ల పిల్ల కళ్లతో చూస్తుంది.

చానెల్‌కు అసలు దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. బీబీసీ సొంత ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్, యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్‌లలో అవే షోలు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి. తల్లిదండ్రులకు సౌకర్యమే. కానీ షోలు చానెల్ నుంచి విడిపోతే పోయేది యాంకర్, వేళ, ముగింపు. ఆటోప్లే పెట్టి ఉంటే ఏడు నిమిషాల ఎపిసోడ్ అయిన కొన్ని సెకన్లకే ఇంకొకటి. ఉదయం గెంతులాటకు తీసిన పాటే రాత్రి తొమ్మిదికి వస్తుంది. ఫోను లాక్కున్నప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడ్చేది మొండితనంతో కాదు. ఆట మధ్యలో ఆగింది. ఎక్కడ ముగుస్తుందో ఆ పిల్లకు ఎవరూ ముందు చెప్పలేదు.

సీబీబీస్ చివరి గంట ఎలా కట్టారో తెలిస్తే అదే పద్ధతిని ఏ ఇంట్లోనైనా కుదించి వాడుకోవచ్చు. ముందు ఆటోప్లే తీసేయాలి. అరగంట అనుకుంటే పదకొండు నిమిషాల కథ ఒకటి, ఏడు నిమిషాల నెమ్మదైన షో ఒకటి, చివర తెర కట్టేసి పుస్తకం. క్రమం రోజూ మారకూడదు. వేగమైనది ముందు, నెమ్మదిది తర్వాత. గది దీపం, శబ్దం రెండో షో మొదలయ్యేటప్పుడే తగ్గించాలి, అయిపోయాక కాదు. చివరి షోలో పాత్రలు పడుకోవాలి లేదా ఇంటికి వెళ్లాలి. ‘తర్వాత ఏమవుతుందో’ అని ఆగిపోయే కథ అక్కడ పనికిరాదు. మొదటి నాలుగైదు రోజులు పేచీ తప్పదు, ఎందుకంటే పిల్లకు ఆ క్రమం ఇంకా తెలియదు. ఒక్క రోజు మినహాయింపు ఇచ్చి మూడో షో వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

2022 మేలో బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ రాబోయే ఏళ్లలో ప్రసార చానెళ్లుగా ఆపేయాలనుకుంటున్నవాటి జాబితా చెప్పారు. సీబీబీసీ, బీబీసీ ఫోర్ అందులో ఉన్నాయి. సీబీబీస్ లేదు. పదేళ్ల పిల్లలు తమకు కావాల్సింది తామే వెతుక్కుంటూ చానెల్ దాటి వెళ్లిపోయారు. రెండేళ్ల పిల్లకు వెతుక్కోవడం రాదు, ఇంకా ఎవరో ఒకరు వరసగా పెట్టాలి. బీబీసీ ఫోర్ నిజంగా వెళ్లిపోతే, యాంటెనా ప్రసారంలో ఏడు తర్వాత ఆ చోటు కోసం ఎదురుచూసే పొరుగు ఉండదు. 2002లో ఏడింటికి ఆగడానికి ఉన్న సాంకేతిక కారణం అక్కడితో తీరిపోతుంది. ఆ తర్వాత కూడా సీబీబీస్ ఏడింటికే పడుకుంటే, అది పిల్లల కోసం కావాలని తీసుకున్న నిర్ణయమే అవుతుంది.